రెండు స్పీకర్ల నడుమ అమ్మ

చివరి స్క్రూ బిగించి, ఇక బటన్ నొక్కడమే తరువాయి అని చెయ్యి చాచానో లేదో, కరెంటు పోయింది. ముందు నా గుండె ఆగింది, తర్వాత ఫ్యాను ఆగింది. నేనే ఏదో చేశాననుకున్నాను. ఇంకా నొక్కనే లేదు కదా, నొక్కకుండా ఎలా కాలుతుంది అని బుద్ధి చెబుతున్నా ముక్కు వినలేదు, ప్లేయరు వెనక్కి వంగి కాలిన వాసన కోసం కుక్కపిల్లలా వెతికింది. స్పిరిట్ వాసన ఉంది, జిగురు వాసన ఉంది, ఎన్నాళ్లుగానో పేరుకున్న దుమ్ము వాసన ఉంది. కాలిన వాసన మాత్రం లేదు. ఎదురు షెడ్డులో చెక్కలు కోసే రంపం సగం అరుపులో గొంతు పోయినట్టు ఆగింది. పై వాటాలో ఎవరో "దీనికి ఇప్పుడే పోవాలా" అని కరెంటుని తిట్టారు. అప్పుడు గాని నాకు ఊపిరి అందలేదు. వీధి మొత్తానికి పోయింది. వీధి మొత్తానికి కరెంటు పోతే ఇంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు. ఆ సంతోషం కూడా ఎంతసేపు, మరి మళ్లీ ఎప్పుడొస్తుంది అనే ప్రశ్న వచ్చేదాకా.

సాయంత్రం రైలుకి పెద్దమ్మ వెళ్లిపోతుంది. అన్నయ్య బండి తెచ్చి వాకిట్లో హారన్ కొడతాడు, ఆమె సంచి భుజాన వేసుకుంటుంది, ఇక అయిపోయినట్టే. ఇప్పుడు పక్క గదిలో భోజనం చేసి పడుకుంది. ఫ్యాను ఆగినా ఆమె గురక ఆగలేదు, అది కరెంటు మీద నడిచేది కాదు. ముందు గదిలో అమ్మ కుట్టు మిషను కూడా కాలితో తొక్కేదే కాబట్టి నడుస్తూనే ఉంది. టకటకటక, ఆగి, దారం తెంపి, మళ్లీ టకటకటక. కుడుతున్నది పెద్దమ్మ తెచ్చిన బట్టే, ముదురు నీలం. పెద్దమ్మా అమ్మా పెళ్లికి ముందు పనిచేసిన నూలు మిల్లులో ఆడవాళ్లందరికీ ఒక పాటల బృందం ఉండేదట. మిల్లు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఆ ఆడవాళ్లంతా మళ్లీ కూడి, వచ్చే వారం ఆ పాత గేటు ముందే నిలబడి పాడతారట. కూడదీస్తున్నది పెద్దమ్మ. ఎవరు పాడాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నీ ఆమే చెబుతోంది. పాడేవాళ్లందరికీ ఒకే రంగు జాకెట్లు కుట్టే పని అమ్మకి ఇచ్చింది. కుట్టే పనే ఇచ్చింది. పాడే పని ఇవ్వలేదు. పొద్దున అన్నం వడ్డిస్తూ అమ్మ, అడగనట్టు అడిగింది, "నేను కూడా రావాలా అక్కా" అని. పెద్దమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నవ్వుతూ అంది, "రా, ఎవరొద్దన్నారు? మధ్యలో నిలబడి పెదాలాడించు. అప్పుడు చేసింది అదేగా."

మా ఇంట్లో ఈ మాట పాతదే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. అన్నయ్య పుస్తకం ముందు పెట్టుకుని నిద్రపోతుంటే, "చదువుతున్నావా, మీ అమ్మలా పెదాలాడిస్తున్నావా" అనేవాళ్లు. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, నలుగురు కూడిన ప్రతి చోటా పెద్దమ్మ ఈ కథ చెప్పేది, మిల్లులో బృందం పాడిన రోజు అమ్మ గొంతు ఎత్తకుండా ఉత్తి పెదాలే ఆడించిందని. పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. నవ్వు పుట్టించే మాట దొరికితే అది ఎవరి మీద పడుతుందో చూసుకోదు, అంతే. అందరూ నవ్వేవాళ్లు, అమ్మా నవ్వేది. కానీ ఈ మధ్య నేనొకటి గమనించాను. మొదట్లో అమ్మ "పాడాను అక్కా, పాడలేదంటావేమిటి" అనేది. కొన్నేళ్లకి "పాడాననే అనుకుంటా" అంది. రెండు నెలల కిందట మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగితే సూదిలో దారం ఎక్కిస్తూ, "ఏమోనే, అంతమందిలో ఎవరికి తెలుసు, నిజంగానే పాడలేదేమో" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. ఒక మనిషి తన గొంతు తనకి ఉందో లేదో అక్కని అడిగి తెలుసుకునే స్థితికి రావడం నాకు అస్సలు నచ్చలేదు. ఆ రోజే స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

సాక్ష్యం లేక కాదు. సాక్ష్యం ఉంది, అది అమ్మకి వ్యతిరేకంగా ఉంది. మిల్లు వాళ్లు బృందం పాడిన రోజు ఆ పాటని టేపు మీద ఎక్కించారు, చాలా ఏళ్ల తర్వాత దాన్నే సీడీగా చేసి అందరికీ తలా ఒకటి పంచారు. మాది బీరువాలో చీరల మధ్య ఉంటుంది, అమ్మ దాన్ని ఇల్లు దాటనివ్వదు. పెద్దమ్మకి ప్లేయరు లేదు, ఆమె విన్నదీ మా ఇంట్లోనే. ఇంట్లో ఉన్నదేమో ఈ ఒక్క ప్లేయరు, దాని కింద యాంప్లిఫయరు, అటూ ఇటూ రెండు చెక్క స్పీకర్లు. దాని మీద ఆ పాట ఎన్నిసార్లు విన్నా కుడి చివర పెద్దమ్మ గొంతు గంట కొట్టినట్టు వినిపిస్తుంది, ఎడమ చివర ఇంకెవరివో రెండు సన్నటి గొంతులు వినిపిస్తాయి, మధ్యలో మాత్రం పలచగా, నీళ్లు కలిపినట్టుగా ఉంటుంది. అమ్మది బరువు గొంతు, వంటింట్లోంచి పిలిస్తే వీధి మలుపు దాకా వచ్చే గొంతు. అలాంటిది పాటలో లేదు. కానీ నాకొక జ్ఞాపకం ఉంది. చిన్నప్పుడు ఒకసారి జ్వరంతో బడి మానేసి, ఇదే గదిలో కింద చాప మీద పడుకుని, చల్లగా ఉందని స్పీకరుకి చెంప ఆనించాను. పాట వస్తోంది. అందులోంచి అమ్మ పాడింది. కల కాదు, చెవి పక్కనే, చెక్కలోంచి, అమ్మ. లేచి కూర్చుని "అమ్మ పాడుతోంది" అన్నాను. అప్పటికే మాయమైంది. జ్వరం తలకెక్కిందన్నారు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు నేను. ఎత్తనని అందరికీ తెలుసు, అందుకే నా పేరు ముంగి. మాట్లాడని వాళ్లకి ఒక లాభం ఉంది, ఎవరూ పట్టించుకోరు కాబట్టి తీరిగ్గా చూడొచ్చు, వినొచ్చు, పట్టుకున్నది వదలకుండా ఉండొచ్చు.

నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. చూపు చూసేది డాక్టరు, అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టేది నేను. నువ్వుగింజంత స్క్రూలతో పొద్దస్తమానం కాపురం చేసే దాన్ని కాబట్టి, ప్లేయరు మూత తీయడానికి భయపడలేదు. భయపడింది లోపల ఏముందో చూశాక. పచ్చటి పలక మీద నల్లటి చిన్న డబ్బాలు, వాటి మధ్య సన్నటి దారులు, పై నుంచి చూసిన పట్నంలా ఉంది. అంతా బూడిదరంగు దుమ్ము. ప్లగ్గు పీకి, లోపల మిగిలిన కరెంటు దానంతటది చల్లారే దాకా ఒక పూట ముట్టుకోవద్దని చదివాను, ముట్టుకోలేదు. తర్వాత మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను. సీడీని చదివే అద్దం ఒకటుంటుంది, కందిగింజంత, నీలంగా మెరుస్తూ, చేపకన్నులా. దాని మీద పొర పట్టింది. షాపులో అద్దాలు తుడిచే గుడ్డ తెచ్చి, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్ చుక్క అద్ది, రెప్ప మీద కాటుక తుడిచినంత నెమ్మదిగా తుడిచాను. ఆ రోజు సీడీ ఎక్కడా తడబడలేదు, అదివరకు మూడో చరణం దగ్గర నత్తి వచ్చేది. మొదటి గెలుపు అది. ఎవరికీ చెప్పలేదు. షాపులో మా యజమాని మాత్రం గుడ్డ తగ్గిందని కనిపెట్టి, "ఏమ్మా, ఇంట్లో ఎవరికన్నా శుక్లాలా" అన్నాడు. "ఒక పాత ముసలి ఉంది సార్, తుడిచాను, చూపు వచ్చింది" అన్నాను. ఆయన నిజమనుకుని తలాడించాడు.

ఆ తర్వాత ఆగలేకపోయాను. ఒకటి బాగుపడితే పక్కది మురికిగా కనిపిస్తుంది, గోడ తుడిస్తే తలుపు కనిపించినట్టు. రేకు మూతని వేలితో కొడితే పళ్లెంలా టింగుమనేది, పాట వస్తున్నంతసేపూ అదీ సన్నగా మోగుతూ ఉండి ఉంటుంది కదా, ఎవరడిగారు దాన్ని పాడమని. పంచరు పడిన సైకిలు ట్యూబుని ముక్కలుగా కోసి మూత లోపలి వైపు అంటించాను, ఇప్పుడు కొడితే టప్పుమంటుంది, దిండుని కొట్టినట్టు. కింద గట్టి ప్లాస్టిక్కు కాళ్లుండేవి, అమ్మ మిషను తొక్కితే నేల అదిరి ఆ అదురు ప్లేయరుకి ఎక్కేది. వాటికింద అమ్మ దగ్గరున్న మందపాటి ఉన్ని గుడ్డ మడతలు వేసి గుండ్రంగా కత్తిరించి పెట్టాను. "ఏం కోటు కుడుతున్నావే దానికి" అంది అమ్మ. "కోటు కాదమ్మా, చెప్పులు" అన్నాను. వెనక వైర్లు గుచ్చే చోట పచ్చగా చిలుము పట్టి ఉంటే రబ్బరుతో రుద్ది మెరిపించాను. లోపల గోడ కరెంటు మోసే వైరూ, పాట మోసే వైరూ ఒకదాన్నొకటి పెనవేసుకుని కూర్చుంటే వాటిని విడదీసి, ఒకదాన్ని ఈ గట్టుకీ రెండోదాన్ని ఆ గట్టుకీ కట్టేశాను. పాట వెనకాల ఎప్పుడూ తుమ్మెద మూలిగినట్టు ఒక హోరు ఉండేది. సగం తగ్గింది. అన్నయ్య వచ్చి చూసి, "కొత్తది అరచేతిలో పట్టేది దొరుకుతుంటే ఈ శవానికి స్నానాలేంటే" అన్నాడు. అప్పుడు పాట పెట్టాను. వాడు చెప్పులు వదలడం ఆపి ఒంటికాలి మీద కొంగలా నిలబడి విని, "ఏం చేశావు" అన్నాడు. "స్నానం చేయించాను" అన్నాను. వాడు ఆ వారమంతా నా జోలికి రాలేదు.

ఇంతా చేసినా మధ్యలో పలచగానే ఉంది. అమ్మ లేదు. ఇక మిగిలింది కెపాసిటర్లు. చిన్న డబ్బాల్లాంటివి, కరెంటుని కాసేపు నిలవ చేసి అవసరమైనప్పుడు ఇస్తాయి, కుండలో నీళ్లలా. ఏళ్లు గడిస్తే లోపల ఎండిపోతాయి, ఎండితే పాటలో బరువు తగ్గుతుంది. బరువు గొంతు వినపడకపోవడానికి ఇదే కారణమని నాకు గట్టి నమ్మకం కుదిరింది. పాడైపోయిన రేడియో ఒకటి తెచ్చుకుని దాని మీద సీసం కరిగించి అంటించడం, ఊడదీయడం నేర్చుకున్నాను. వేలు కాలింది, నేర్చుకున్నాను. సీసం కరిగి వెండి బొట్టులా జారి కూర్చుంటుంది చూడండి, అది సరిగ్గా కూర్చుంటే మెరుస్తుంది, తొందరపడితే బూజు పట్టినట్టు మసకబారుతుంది. నాదాంట్లో ఇప్పుడు మసక బొట్టు ఒక్కటీ లేదు. ఈ కెపాసిటర్లకి ఒక పక్క తెల్ల గీత ఉంటుంది, ఆ గీత ఏ వైపు ఉండాలో ఆ వైపే ఉండాలి, తిప్పి పెడితే టపాకాయలా పేలుతుంది. అందుకని ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టి, అది చల్లారాక గాని రెండోదాన్ని ముట్టుకోలేదు. ఈ రోజు పొద్దున, పెద్దమ్మ ఆ మాట అన్న తర్వాత, ఆఖరిది మార్చాను. అప్పుడు నా ధ్యాస సగం ఆ మాట మీదే ఉంది. కోపంతో. అందుకే ఇప్పుడు అనుమానం. గీత అటే పెట్టానా? కళ్లు మూసుకుని చూశాను. పలక అంచు, పక్కన పసుపు వైరు, గీత వైరు వైపు. విప్పేముందు పాతదానికి తీసుకున్న ఫోటోలోనూ వైరు వైపే. అటే పెట్టాను. మళ్లీ కళ్లు మూసుకున్నాను. అటే.

అమ్మ మిషను టకటక. పెద్దమ్మ గురక. కిటికీలోంచి ఎండ నేల మీద జరిగి నా మోకాలి దాకా వచ్చింది. ఎదురు షెడ్డులో పనివాళ్లు కాసేపు చూసి, ఇక రాదులే అని తాళం వేసి వెళ్లిపోయారు. కరెంటు లేనప్పుడు ఇల్లు ఇల్లులా వినిపిస్తుంది. కుళాయి చుక్క, చెక్క తలుపు విరుచుకోవడం, పై వాటాలో పాప నడక. ఖాళీగా కూర్చోలేక స్పీకర్ల ముందున్న నల్ల గుడ్డ చట్రాలు పీకి దుమ్ము దులిపాను. లోపల నల్ల కాగితం గిన్నెలు, బోర్లించిన గొడుగుల్లా. ఇవి కదిలితేనే పాట. నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది, సైన్సు మాస్టారు దగ్గర ప్రయోగాలకి ఒక్క సెల్లూ ఒక్క బల్బూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆ సెల్లుతోనే ఆయన బల్బు వెలిగించేవాడు, ఇనుపమేకుని అయస్కాంతం చేసేవాడు, ఒకసారి పగిలిన రేడియోలో స్పీకరుకి దాన్ని ముట్టించి టక్కుమనిపించాడు. గోడ కరెంటు అక్కర్లేదన్నమాట. నాకు నవ్వొచ్చింది. వైర్లయినా సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని స్టూలెక్కి గోడ గడియారంలోంచి బ్యాటరీ తీశాను. పాపం గడియారం, ముల్లు ఎత్తిన కాలు దించకుండా నిలబడిపోయింది.

వైర్ల కొసలు యాంప్లిఫయరు నుంచి ఊడదీశాను. వైరుకి ఒక అంచున ఎర్ర గీత ఉంది. ఎర్రగీత కొసని బ్యాటరీ మొటిమకి, రెండోది అడుగుకి. ఎడమ స్పీకరు పలికింది, టక్. కాగితం గిన్నె మీద వేలి చివర ఆనించి మళ్లీ ముట్టించాను. గిన్నె నా వేలిని ముందుకి తోసింది, పిల్లి తలతో తోసినట్టు. బాగుంది. కుడిదానికి అలాగే ముట్టించాను. టక్. చప్పుడదే. కానీ వేలికి ఏదో తేడా. మళ్లీ ముట్టించాను. వేలి కింద గిన్నె లేదు. వెనక్కి పోయింది. ఎడమది, ముందుకి. కుడిది, వెనక్కి. ఎడమది తోస్తోంది. కుడిది లాక్కుంటోంది. ఒకడు తలుపు తోస్తుంటే రెండోవాడు అవతల నుంచి అంతే బలంగా లాగుతుంటే ఏమవుతుంది, ఇద్దరూ పనిచేస్తూనే ఉంటారు, గదిలోకి గాలి మాత్రం రాదు. కుడి చివర నిలబడ్డ పెద్దమ్మ ఒక్క కుడి స్పీకరులోనే ఉంది, ఆమెని ఆపేవాళ్లు లేరు. ఎడమ చివరి వాళ్లూ అంతే. మధ్యలో నిలబడ్డవాళ్లే, రెండింట్లోనూ సమానంగా ఉన్నవాళ్లే, ఒక పెట్టె ఇచ్చినదాన్ని రెండో పెట్టె తినేసి, గది నడుమ లేకుండా పోయారు. బరువు గొంతులైతే మరీనూ. అమ్మ మధ్యలో నిలబడింది. అమ్మది బరువు గొంతు. జ్వరంలో నా చెంప ఒక్క స్పీకరుకే ఆనుకుని ఉంది. తల ఎత్తగానే రెండోది కలిసింది. తలకెక్కింది జ్వరం కాదు. నేను విన్నాను. నేను నిజంగానే విన్నాను.

కుడి స్పీకరు వెనక్కి తిప్పాను. వైరు కొసలు రెండూ సన్నటి తెల్లదారంతో చుట్టి, పోగు బయటికి రాకుండా ముడివేసి ఉన్నాయి. ఆ ముడి నాకు తెలుసు. మా ఇంట్లో ప్రతి గుండీ కిందా అదే ముడి ఉంటుంది. "అమ్మా" అన్నాను, "ఈ వైర్లు ఎవరు పెట్టారు?"

మిషను ఆగింది. "ఇంకెవరు పెడతారు, నేనే. సున్నాలేసిన వాళ్లు పీకి అవతల పడేసి పోతే. ఏం, ఊడిందా?"

"ఊడలేదు. గట్టిగానే ఉంది."

"ఉండదూ మరి."

"ఎర్ర గీత ఈ పెట్టెకీ బయటి వైపే పెట్టావు, ఆ పెట్టెకీ బయటి వైపే పెట్టావు."

"మరెలా పెట్టాలి?" అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది, మెళ్లో టేపు, నోట్లో గుండుసూది. "జత అన్నాక ఎదురూబొదురుగా ఉండొద్దూ? కుడి చేతికీ ఎడమ చేతికీ ఒకే మొహంగా కత్తిరిస్తే ఆ చొక్కా ఎవడు తొడుక్కుంటాడే?"

నేను నవ్వాను. ఆపుకోలేనంత నవ్వు, కళ్లవెంట నీళ్లొచ్చేంత. తప్పు చెప్పడానికి ఏముంది అందులో? చేతుల విషయంలో ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. ఇన్నేళ్లూ ఊళ్లో అందరి చేతులకీ సరిపోయిన ఆ లెక్కే, ఆ శుభ్రమైన ముడితోనే, తన గొంతుని తను కుట్టేసుకుంది. ఆ తర్వాతే ఆ సీడీ ఇంటికొచ్చింది. మొదటిసారి విన్నదే మాయమైన గొంతు.

"ఎందుకే నవ్వుతావు ముంగీ, నాకు చెబితే నేనూ నవ్వుతాగా."

"ఇవి చేతుల జత కాదమ్మా. కళ్లజత. రెండూ ఒకే వైపు చూడాలి. మనం పెట్టినదానికి మెల్లకన్ను వచ్చింది."

"నేనేమన్నా రేడియోలు చేసేదాన్నా, ముందే చెప్పొద్దూ" అని గుండుసూది టేపుకి గుచ్చి, మళ్లీ మిషను దగ్గరికి పోయింది. గొంతు సంగతి నేను చెప్పలేదు. చెబితే, ఆ తర్వాత రాకపోతే? ఆశ పెట్టి లాక్కోవడం పెద్దమ్మ హాస్యం కన్నా పెద్ద నేరం. షాపు నుంచి తెచ్చుకున్న చిన్న కత్తెరతో అమ్మ ముడి కత్తిరించాను. కత్తిరిస్తుంటే కొంచెం బాధేసింది, అంత మంచి ముడి. వైర్లు తిప్పి బిగించాను. బ్యాటరీ ముట్టించాను. టక్, ముందుకి. ఎడమది, టక్, ముందుకి. రెండు గిన్నెలూ ఒకేసారి నా రెండు వేళ్లనీ తోశాయి. యాంప్లిఫయరుకి వైర్లు తగిలించాను, చట్రాలు పెట్టాను, సీడీ పళ్లెంలో పడుకోబెట్టాను. ఇక రా. రావమ్మా. ఎండ మోకాలు దాటి ఒళ్లోకి వచ్చింది. కరెంటు కోసం ఇలా కూర్చోవడం కొత్తేం కాదు, కానీ వచ్చాక ఏం జరగబోతోందో ఒక్కదాన్నే తెలిసి కూర్చోవడం కొత్త. భయం పోయింది. గెలిచిన మనిషి ఫలితం చదివేదాకా వరండాలో కూర్చున్నట్టు ఉంది. కాదు, ఇంకా గెలవలేదు. కాదు, గెలిచాను, వేలికి తెలుసు.

వాకిట్లో హారన్. అన్నయ్య. "పెద్దమ్మా! రైలు మన చుట్టం కాదు, ఆగదు!" గురక తెగింది. మంచం కిర్రుమంది. పక్క గదిలో సంచి జిప్పు, గాజుల చప్పుడు, "వస్తున్నాన్రా వస్తున్నా, గొంతు చించుకోకు" అని పెద్దమ్మ. నేను లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎందుకో తెలియదు, నిలబడ్డాను. "ఏమే ముంగీ, దారికడ్డం" అంది. "ఒక్క నిమిషం పెద్దమ్మా." "దేనికి?" దేనికని చెప్పను? కరెంటు లేదు. "మంచినీళ్లు తాగి వెళ్లు" అన్నాను. "తాగాను." "ఇంకొన్ని." ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. నేను వరసగా ఇన్ని మాటలనడం ఆమె విని ఉండదు. "పిల్లకేమైందే" అని అమ్మతో అంటుండగా, నెత్తిమీద ఫ్యాను మూలిగి, ఒళ్లు విరుచుకుని, తిరగడం మొదలుపెట్టింది.

బటన్ నొక్కాను. నీలం అంకెలు వెలిగాయి. ఏదీ పేలలేదు. ముందు నిశ్శబ్దం వచ్చింది, అదివరకటి హోరుతో కూడిన నిశ్శబ్దం కాదు, కడిగి ఆరేసిన నిశ్శబ్దం. అందులో ఎవరో బట్టలు సర్దుకున్నారు. ఎవరో దగ్గారు. పెద్దమ్మ సంచి భుజాన ఉండగానే "అరె" అంది, "అది పొడుగక్క దగ్గు! పక్క మరమీద పనిచేసేది. ఎప్పుడూ వినలేదే ఇందులో." పాట మొదలైంది. "నీళ్లు మోసే మబ్బులారా." గది గోడలు వెనక్కి జరిగినట్టయింది. ఎడమ నుంచి కుడి దాకా ఖాళీ లేకుండా మనుషులు నిలబడ్డారు, వెనక వరస, ముందు వరస, ఒకరి భుజం ఒకరికి తగులుతూ. రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట, ప్లేయరు మీది గోడలోంచి, బరువైన గొంతులు నేలలోంచి వచ్చినట్టు వచ్చాయి. కింద గట్టు కట్టినట్టు. పెద్దమ్మ గంట గొంతు ఆ గట్టు మీద నడుస్తోంది. మొదటి పాదం అయింది. రెండో పాదం "నిలిచి పొండి" అని ఎత్తుకోవాలి, దానికి ముందు అందరూ ఊపిరి తీసుకునే చిన్న ఖాళీ ఉంది. ఆ ఖాళీలో, ఎవరూ ఎత్తుకోకముందే, ఒకే ఒక్క గొంతు, బరువుగా, ధీమాగా, వంటింట్లోంచి వీధి మలుపు దాకా వచ్చే గొంతు, "ని" అంది. ఆ వెంటనే బృందమంతా వచ్చి దాన్ని కప్పేసింది.

మిషను ఆగిపోయింది.

"ఆపు" అంది పెద్దమ్మ. "ఆపవే. వెనక్కి పెట్టు." వెనక్కి పెట్టాను. ఊపిరి, ఖాళీ, "ని". మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. అన్నయ్య లోపలికొచ్చి "రైలు" అనబోయి నోరు మూసుకున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో నీలం బట్ట, చెయ్యి కుట్టే వంపులోనే ఉండిపోయి. ఆమె స్పీకర్ల వైపు చూడలేదు. వాటి మధ్య, గోడ వైపు చూస్తోంది, అక్కడెవరో నిలబడి ఉన్నట్టు. నేను ఆమె మొహమే చూశాను. నవ్వు ముందు కళ్లలోకి రాలేదు, మెడలోకి వచ్చింది. మెడ నిటారుగా అయింది. ఆ తర్వాత గడ్డం.

"ఎవరది తొందరపడ్డది?" అంది పెద్దమ్మ.

"నేనే" అంది అమ్మ.

"నువ్వా!" పెద్దమ్మ సంచి కింద పడేసింది. "నువ్వటే! ఆ రోజు పాట అయ్యాక, మనకి పాట నేర్పిన మాస్టారు మన వరస మొత్తాన్ని నిలబెట్టి కడిగేశాడే, ఎవరు ముందెత్తుకుంది, ఎవరు, ఎవరు అని! నేను పొడుగక్కే అనుకుని ఏడాది దానితో మాట్లాడలేదు. పాపం అది ఏడ్చింది కూడానూ. పెదాలాడించావనుకున్నాను కదే నేను!"

"ఆడించాను" అంది అమ్మ, "గొంతుతో సహా."

అన్నయ్య ఫక్కున నవ్వాడు. నవ్వినవాడు ఈసారి పెద్దమ్మ వైపు చూసి నవ్వాడు. పెద్దమ్మ వాడిని కొట్టబోయి, తనే నవ్వి, అక్కడే చతికిలబడింది. నేను అడక్కుండానే మొదటి నుంచి పెట్టాను. అన్నయ్య బయట బండి ఇంజను ఆపకుండానే వచ్చినట్టున్నాడు, అది వాకిట్లో గుడుగుడుమంటూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. రెండో పాదం దగ్గరికి వచ్చేసరికి అమ్మ పెదాలు కదిలాయి. వెంటనే గొంతు కదిలింది. గోడ దగ్గర ఒక అమ్మ, గుమ్మంలో ఒక అమ్మ, ఇద్దరూ ఒకేసారి, అందరికన్నా ముందు, తప్పుగా, నిండుగా, "ని" అన్నారు. నా చేతులు స్పిరిట్ వాసన, సీసం వాసన, దుమ్ము వాసన వేస్తున్నాయి, వాటిని మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"చూడు, మళ్లీ అదే తప్పు!" అంది పెద్దమ్మ. "గేటు ముందు నలుగురిలో నా పరువు తీసేలా ఉన్నావు. ఈసారైనా నా చెయ్యి చూసి అందుకో."

"నువ్వే కాస్త ముందు ఎత్తు" అంది అమ్మ.